బ్లాంక్ కాల్ అని రాసుకున్న నంబర్లు

ఇరవై తొమ్మిదేళ్లకే రిటైరయ్యానంటే నవ్వొస్తుంది కదూ. నిజానికి రిటైరైంది నేను కాదు, నా కుర్చీ. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఆ పని ఒక మిషను చేస్తోంది. ఇంటర్ రెండో ఏడు లెక్కల్లో తప్పి, మళ్ళీ ఫీజు కట్టకుండా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని. రాయడం పెద్దగా రాదు. వాగడం బాగా వచ్చు. అందుకే ఆ ఉద్యోగం ఇచ్చారేమో కూడా.

మా వీధి చివర ఉండే శిరీష ఈమధ్య ఒక స్కానింగ్ సెంటర్లో ఫోన్ల దగ్గర చేరింది. "అందులో నేర్చుకునేదేముంది అక్కా, హలో అనడమే కదా" అంది. నేనూ చేరిన కొత్తలో అలాగే అనుకున్నాను. అందుకని దానికోసం ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగిందీ, సెలవులు ఎలా పెట్టుకోవాలీ అన్నవి వదిలేస్తాను. అవి ఎవరైనా చెబుతారు. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం నేనే చెప్పాలి.

ఒకే నంబరు

మా ఆసుపత్రిలో ప్రతి గదిలో, ప్రతి వార్డులో ఫోనుంది. కానీ ఏ ఫోన్ నుంచి బయటికి చేసినా అవతలివాళ్ళ సెల్లులో ఒకటే నంబరు పడుతుంది. క్యాంటీన్ వాళ్ళు చేసినా అదే, ఐసీయూ వాళ్ళు చేసినా అదే. ఎత్తకపోతే తర్వాత మిస్డ్ కాల్ చూసుకుని తిరిగి చేస్తారు. అది నా దగ్గరికి వస్తుంది. "ఈ నంబర్నించి ఫోనొచ్చిందండి, ఎవరండీ?" అంటారు. ఆ ఫోను ఎందుకొచ్చిందో నాకూ తెలియదు. ముందున్న తెరలో చూసి, ఏ వార్డు నుంచి వెళ్ళిందో కనుక్కుని అక్కడికి కలపాలి.

ఆ కొన్ని సెకన్లే ఈ ఉద్యోగం. అవతల మనిషి ఊపిరి బిగబట్టి ఉంటాడు. మన గొంతులో ఏం పలుకుతుందా అని వెతుక్కుంటూ ఉంటాడు.

నాకు పని నేర్పింది వరలక్ష్మిగారు. నాకంటే ముందు ఇరవై ఏళ్లు అక్కడే కూర్చున్న మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయినా ఎత్తుకునేది కాదు, చేతులు ఖాళీ ఉండేవి కావు. మొదటివారం నేను ఒకాయనతో "ఐసీయూ నుంచి వచ్చిందండి" అని చెప్పేశాను. ఆయన అక్కడే కూలబడ్డట్టున్నాడు, ఫోను కిందపడిన చప్పుడు వినిపించింది. చివరికి చూస్తే మందుల చీటీ కోసం చేశారంతే.

"ఏమే మణీ, నోరా అది, మైకా?" అంది వరలక్ష్మిగారు. "వార్డు పేరు చెప్పకూడదే. 'ఒక్క నిమిషం అండి, కలుపుతున్నాను' అనాలి. అంతే."

"మరి గట్టిగా అడిగితేనో?"

"గట్టిగా అడిగితే మెత్తగా అదే చెప్పు."

ఆవిడ రిటైరై వెళ్ళిపోయే రోజున నాకు చెప్పింది కూడా అంతే. ఎవరినీ భయపెట్టకు, ఎవరినీ విసుక్కోకు. మొదటిది బాగానే పాటించాను.

లాకు

నేను చేరిన నాలుగేళ్లకి పాత టెలిఫోను లైన్లు తీసేసి, నంబరు మాత్రం అదే ఉంచి, మొత్తం ఇంటర్నెట్టు మీదికి మార్చారు. మెయింటెనెన్స్ చూసే రామ్మూర్తిగారు పాతకాలం లైన్‌మన్. కొత్తవి కూడా పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆయన్ని నేను బాబాయిగారనేదాన్ని. ఒకరోజు టీ తాగుతూ అడిగాను, ఇంటర్నెట్టులో ఉన్న నా ఫోను మామూలు సెల్లులో ఎలా మోగుతుందని.

"ధవళేశ్వరంలో లాకులు చూశావా?" అన్నారు.

"చూశానండి."

"గోదావరి నీటి మట్టం వేరు, కాలవ మట్టం వేరు. పడవ అందులోంచి ఇందులోకి నేరుగా దూకలేదు కదా. లాకులో ఆగి, నీళ్ళు సమానం చేసుకుని దిగుతుంది. ఇదీ అంతే. నీ మాటని చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీదా చిరునామా రాసి ఇంటర్నెట్టులో పంపుతాం. ఫోను కంపెనీ దగ్గర ఒక పెట్టె ఉంటుంది. అది ఆ ముక్కల్ని మళ్ళీ మాటగా కూర్చి మామూలు ఫోను లైన్లలోకి దింపుతుంది. అవతలివాళ్ళ మాటని ముక్కలు చేసి ఇటు పంపేదీ ఆ పెట్టే."

"మరి ఒకోసారి గొంతు రోబోలా వస్తుందేంటండి?"

"కొన్ని ముక్కలు దారిలో పడిపోతాయమ్మా. ఇంకోటి గుర్తుపెట్టుకో. ఇందులో బెల్లు మోగించే దారి వేరు, నీ మాట వెళ్ళే దారి వేరు, వాళ్ళ మాట వచ్చే దారి వేరు. బెల్లు మోగింది, ఎత్తాం కదా అని మాట నడిచినట్టు కాదు. ఒకవైపు మాట వెళ్ళి, రెండోవైపు రాకపోవచ్చు."

నేను బిస్కెట్టు టీలో ముంచుకుంటూ "ఓహో" అన్నాను. శిరీషా, ఆయన చెప్పినదంతా నాకు ఆ రోజే తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

మూడుసార్ల రూలు

కొన్నాళ్లకి బ్లాంక్ కాల్స్ ఎక్కువయ్యాయి. బెల్లు మోగుతుంది, ఎత్తితే చడీచప్పుడూ ఉండదు. అదీ పొద్దున్న పదింటి నుంచి ఒంటిగంట దాకా, ఓపీ రద్దీగా ఉండే టైములోనే. అవతల ఎవరో ఉన్నట్టు తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. ఊపిరి కూడా వినబడదు.

మేనేజర్ గారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషేం కాదు. మా నాన్నకి ఒంట్లో బాగోకపోతే అడక్కుండానే వారం సెలవిచ్చిన మనిషి. కానీ తెరమీద కనిపించేది తప్ప ఇంకేదీ ఆయన నమ్మడు.

"పనిలేనివాళ్ళు చేస్తుంటారమ్మా. ఆడపిల్ల గొంతు వినడానికి. మూడుసార్లు బ్లాంక్ వస్తే ఆ నంబరు బ్లాక్ చేసెయ్. ఆ బటన్ అందుకే పెట్టించాం."

"లైన్లో ఏమైనా తేడా ఉందేమోనండి, బాబాయిగారిని ఒకసారి చూడమందామా?"

"మిగతా ఫోన్లన్నీ బాగానే వస్తున్నాయి కదా. తేడా ఉంటే అన్నిటికీ ఉండాలిగా."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. బటన్ నొక్కడం మొదలుపెట్టాను. బ్లాక్ చేసిన నంబర్లు ఒక నోట్‌బుక్కులో రాసేదాన్ని, పక్కన 'బ్లాంక్' అని. బ్లాకైన నంబరు నుంచి మళ్ళీ చేస్తే వాళ్ళకి బిజీ టోన్ వస్తుంది, మా దగ్గర బెల్లే మోగదు. నిజం చెప్పాలంటే ప్రాణానికి హాయిగా ఉండేది. నొక్కే ముందు నాలుగు మాటలు అనేదాన్ని కూడా. అవతలివాడు సిగ్గుపడాలని.

ఆరో బెడ్

ఆ రోజు పదకొండు దాటింది. బల్లమీద లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఐసీయూ నుంచి కుమారి సిస్టర్ చేసింది.

"మణీ, ఆరో బెడ్ ఆయనకి ఊపిరందట్లేదే. గొంతులో గొట్టం వెయ్యాలంటున్నారు డాక్టరు గారు. వేశాక మాట్లాడలేడు. వాళ్ళావిడతో ఒక్కమాట మాట్లాడతానని చెయ్యి పట్టుకుని వదలట్లేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉచిత వైద్యానికి రేషన్ కార్డు కావాలంటే, అది తేవడానికి గోదావరి లంకలో వాళ్ళూరు వెళ్ళిందంట. మిస్డ్ కాల్ చూసుకుని చేస్తుంది. పేరు సత్యవతి. ఎవర్ని ఆపైనా సరే ముందు ఆవిణ్ణి కలుపు. డాక్టరు గారు పది నిమిషాలు ఆగుతానన్నారు. నంబరు చెప్పనా?"

"అక్కర్లేదు సిస్టర్, పేరు చెప్తారు కదా. నేను చూసుకుంటా."

చీటీ మీద 'సత్యవతి, ఆరో బెడ్' అని రాసి తెర అంచున అంటించాను. నంబరు రాసుకోలేదు. పది అంకెలు రాయడానికి ఎంతసేపు పడుతుంది?

అప్పటినుంచి ఒక్కో ఫోనూ ఎత్తడం, "సత్యవతి గారాండి?" అనడం, కాదంటే రెండు మాటల్లో పంపించెయ్యడం. మధ్యలో ఒక బ్లాంక్. "హలో, చెప్పండి, హలో" అని పెట్టేశాను. అదే నంబరు మళ్ళీ. మళ్ళీ బ్లాంక్. నా ఆత్రమంతా ఒక్కో లైనూ ఆవిడ కోసం ఖాళీగా ఉంచాలనే. అదే నంబరు మూడోసారి వచ్చింది.

"మాట్లాడనప్పుడు ఎందుకు చేస్తారండి? పనీపాటా లేదా మీకు? ఇక్కడ ప్రాణం మీదున్న మనిషి ఫోన్ కోసం చూస్తున్నాడు. లైన్ వదలండి, సిగ్గులేకపోతే సరి!"

బటన్ నొక్కేశాను. ఆ నంబరుకి మా దగ్గర్నుంచి ఏ వార్డు వాళ్ళు చేశారో తెరలో చూడాలని కూడా తోచలేదు.

కుమారి సిస్టర్ మళ్ళీ చేసింది. "రాలేదా?"

"రాలేదు సిస్టర్. కాపు కాస్తూనే ఉన్నాను."

"నేను ఇందాక చేస్తే బిజీ వస్తోందే. ఎవరితో మాట్లాడుతోందో ఏంటో, మహాతల్లి."

ఆ బిజీ ఎందుకొచ్చిందో నాకు తర్వాత తెలిసింది. ఆవిడ అప్పుడు నాకే ఫోన్ చేస్తోంది.

డాక్టరు గారు పావుగంట ఆగారు. ఇంక ఆగితే మనిషే దక్కడని గొట్టం వేసేశారు.

రెండు దాటాక ఒకావిడ మా కౌంటర్ దగ్గరికి వచ్చింది. ముప్ఫైయ్యేళ్లు ఉంటాయేమో. చీర అంచులు మోకాళ్ల దాకా తడిసి బురదయ్యాయి, పడవ దిగి నీళ్ళలో నడిచినట్టుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కార్డు.

"ఆరో బెడ్ తాలూకండి" అంది.

నేను లేచి నిలబడ్డాను. "సత్యవతి గారా? మీ ఫోన్ కోసం పొద్దున్నుంచీ చూస్తున్నానండి! చెయ్యలేదేంటండి?"

ఆవిడ నా మొహంకేసి కాకుండా నా నోటికేసి చూసింది.

"మీరేనా అమ్మా, ఇందాక ఫోన్లో మాట్లాడింది?"

"ఆయ్, నేనేనండి. కానీ మీరు..."

"చేశానండి. పడవ దిగ్గానే చేశాను. మూడుసార్లు ఎత్తారు మీరు. ఆరో బెడ్ అండి, సత్యవతినండి అని చెప్తానే ఉన్నాను. అరిచి చెప్పాను, రేవులో జనం అంతా చూశారు. మీరేమో పనీపాటా లేదా అన్నారు. సిగ్గులేదా అన్నారు."

"మీరు మాట్లాడలేదండి" అన్నాను. "నాకేం వినబడలేదండి."

"మీరన్నవన్నీ నాకు వినబడ్డాయమ్మా" అంది ఆవిడ. "ప్రాణం మీదున్న మనిషి అన్నారు. ఎవరో పాపం అనుకున్నాను. తర్వాత మళ్ళీ మళ్ళీ చేత్తే బిజీ. పోన్లే, వెళ్తున్నాను కదా అని బస్సెక్కేశాను. ఎలా ఉన్నారండి మా ఆయన?"

తెర అంచున చీటీ అలాగే ఉంది. నేను దాన్ని చేత్తో మూశాను. ఎందుకు మూశానో తెలియదు. పైకి వెళ్ళమని దారి చూపించాను. లిఫ్టు దాకా వెళ్ళాల్సింది. వెళ్ళలేదు.

ఆయన మూడోరోజు పొద్దున్న పోయాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. సాయంత్రం ఆవిడ కార్డు తిరిగి తీసుకోవడానికి కిందికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. నేను ఉండబట్టలేక అడిగాను. అడగకూడదు, అయినా అడిగాను.

"ఫోన్ కలిసుంటే ఏం చెప్పేవారండి?"

"ఏముందమ్మా. కార్డు దొరికింది, దిగులు పడకు అని. కార్డు ఎక్కడో పోయిందని అదే బెంగ ఆయనకి." కార్డు కవర్లో పెట్టుకుంటూ, "ఆయనేం చెప్దామనుకున్నాడో మరి" అంది.

కవరు మడతపెట్టి నడుం దగ్గర దోపుకుంది. వెళ్తూ వెళ్తూ ఆగింది.

"ఇంకెవర్నీ అలా అనకమ్మా. అవతల ఎవరున్నారో."

నోట్‌బుక్కు

ఆ మర్నాడు రామ్మూర్తిగారి బల్లముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన మా కౌంటర్‌కి ఎదురుగా హాలు చివరికి వచ్చి, తన సెల్లు తీసి మా నంబరుకి చేసుకుంటూ కూర్చున్నారు. ఓపీ రద్దీ మొదలయ్యాక, ఎన్నోసారికో దొరికింది. నేను ఎత్తాను. ఆయన హాలు ఆ చివర నోరు కదుపుతున్నారు. నా చెవిలో ఏమీ లేదు. "ఏమీ లేదు బాబాయిగారూ" అన్నాను. ఆయన తల ఊపారు. నా మాట ఆయనకి చేరింది.

మా ఆసుపత్రికి ఇంటర్నెట్టు లైన్లు రెండు. మొదటిది నిండిపోతే మిగతా ఫోన్లు రెండోదాంట్లోకి వెళ్తాయి. ఆ రెండోదాని దగ్గర వచ్చే మాటని లోపలికి వదలమని ఎవరూ చెప్పలేదు, ఆ లైనుకున్న మా ఆసుపత్రి పెట్టె దాన్ని గుమ్మంలోనే పారేస్తోంది. అందుకే రద్దీ టైములోనే, కొందరికే. దాన్ని సరిచెయ్యడం ఆయనకి పది నిమిషాల పని.

"నాకు ముందే చెప్పకపోయావామ్మా" అన్నారు ఆయన. అంతే అన్నారు. చెయ్యెత్తి కొట్టినా బాగుండేది.

మేనేజర్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు. "తప్పు లైనుది, నీది కాదు. బయట ఎక్కడా అనకు, నీకే ఇబ్బంది" అన్నారు. నా మంచికే అన్నారనుకుంటున్నాను. కానీ అది తప్పు మాట. మాట రాకపోవడం లైను తప్పు. మాట చేరనివాళ్ళు ఉండరనుకోవడం మా ఇద్దరి తప్పు. తిట్టడం నా ఒక్కదాని తప్పు.

నోట్‌బుక్కులో బ్లాంక్ అని రాసిన నంబర్లు మూడు పేజీలున్నాయి. వాటికి మధ్యాహ్నం భోజనం టైములో నా సొంత సెల్లు నుంచి ఒక్కొక్కటీ చేశాను. వారం పట్టింది. కొన్ని కలవలేదు. కొందరికి గుర్తే లేదు.

ఒకాయన, "అప్పుడు మా తమ్ముడికి రక్తం కావాలని చేశానమ్మా. ఇప్పుడెందుకు?" అని పెట్టేశాడు. రక్తం దొరికిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కోరుకొండ వైపు నుంచి ఒక పెద్దాయన, "నువ్వేనా ఆ నోటి దురుసు పిల్లవి? నువ్వన్నదానికి మా ఇంటావిడ మళ్ళీ మీ ఆసుపత్రి గడప తొక్కనంది. రిపోర్టులు అక్కడే వదిలేశాం" అన్నాడు. ఆ రిపోర్టులు వెతికి కొరియర్లో పంపాను.

మొత్తం మూడు పేజీల్లో ఒక్కడంటే ఒక్కడు మాత్రం, "సారీ అండీ, ఊరికే చేశాను" అన్నాడు. ఆ ఒక్కడి కోసం మేం బటన్ పెట్టుకున్నాం.

సత్యవతి గారి నంబరు కూడా అందులో ఉంది. దానికి మాత్రం చెయ్యలేదు. బ్లాక్ తీసేశాను, అంతే.

ఆ తర్వాత ఐదేళ్లు ఆ కుర్చీలోనే ఉన్నాను. అవతల ఏమీ వినబడకపోతే ఇలా చెప్పేదాన్ని: "మీ మాట నాకు చేరట్లేదండి. నా మాట మీకు వినబడుతుంటే కంగారుపడకండి, నేనే వేరే ఫోన్నుంచి చేస్తాను." చేసేదాన్ని కూడా. శిరీషా, నీకు ఈ ఒక్క వాక్యం వస్తే చాలు. చప్పుడు లేని ఫోన్లో మనిషి ఉన్నాడనుకునే మాట్లాడు. ఎవరైనా ఒకరి గురించి చెప్పి కలపమంటే పేరు కాదు, ముందు నంబరు రాసుకో.

నా గొంతు

కిందటేడు ఆపరేటర్ పోస్టు తీసేశారు. మిషను ఎత్తుతుంది, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. గొంతు బాగుందని ఆ మాటలన్నీ నాతోనే చెప్పించి రికార్డు చేశారు. చివర్లో ఒకటుంది: "మీ నుంచి ఎటువంటి స్పందన రాలేదు. ధన్యవాదాలు." అది అయ్యాక మిషను పెట్టేస్తుంది.

నేను అది చదవకుండా మేనేజర్ గారి వైపు తిరిగాను. "దీని బదులు, మీ మాట మాకు చేరకపోయి ఉండవచ్చు, మేమే మీకు చేస్తాం అని పెడదామండి" అన్నాను. మూడుసార్ల రూలు కూడా మిషన్లోంచి తీసెయ్యమని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మేనేజర్ గారు కాగితం తీసుకుని, "చూద్దాంలే మణీ, ముందు ఇది కానియ్" అన్నారు. కానిచ్చాను. రెండోసారికే బాగా వచ్చిందన్నారు.

ఆ నంబరు ఇంకా చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. లంకలో ఆవిడ దగ్గర కూడా.

ఇది రాయడం మొదలుపెట్టే ముందు, తీశారో లేదో చూద్దామని మొన్న పొద్దున్న ఆ నంబరుకి చేశాను. ఏమీ నొక్కలేదు, ఏమీ మాట్లాడలేదు. నా గొంతే చాలా మర్యాదగా ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. రెండోసారీ అంతే. మూడోసారి చేసినప్పుడు గట్టిగా మాట్లాడాను. నేను మణినండి, వినబడుతోందా అని. నా గొంతు నాకు ధన్యవాదాలు చెప్పింది.

నాలుగోసారి చేస్తే బిజీ టోన్ వచ్చింది.